అమ్మ కొండల ఊళ్ళో ఉన్నప్పుడు

మా అమ్మకు దగ్గు వచ్చినప్పుడు మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆమె బడిలో చిన్న తరగతులకు పాఠం చెప్పేది. సుద్దపొడి గొంతులో పడుతోందని తనే అనేది. మాది నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరికి తూర్పున, ఉప్పు పడవలు తిరిగే కాలవకూ సముద్రానికీ నడుమనున్న చిన్న ఊరు. మిషను బడిలో అమ్మ టీచరు. ఆ బడినే ఆదివారం చర్చిగా వాడుకునేవాళ్ళం. నాయన అక్కడ ఉపదేశి, వాక్యం చదివి ప్రసంగం చెప్పేవాడు. నాయనను కన్న అవ్వ మాతోనే ఉండేది. ఆ ఇంటికంతా నేనొక్కదాన్నే పిల్లను.

యాభైలు ముగిసిపోతున్న ఆ ఏడు, వరికోతల వేళకు అమ్మ దగ్గితే నెత్తురు పడింది. నాయన ఆమెను నెల్లూరు తీసుకుపోయి చూపించాడు. ఎక్స్‌రే ఫిలిం తీసి చూసిన డాక్టరమ్మ క్షయ అని చెప్పింది. కొండల ఊళ్ళో ఆ జబ్బుకు వేరే ఆసుపత్రి ఉందని, అక్కడికి పంపకపోతే మనిషి దక్కదని అంది. ఎన్నాళ్ళుండాలో చెప్పలేదు. ఏడాది పట్టవచ్చు, రెండేళ్ళూ పట్టవచ్చు. చిన్నపిల్లను మాత్రం దగ్గరకు రానివ్వవద్దని గట్టిగా చెప్పింది.

నెల్లూరు నుంచి వచ్చిన రోజు నుంచి అమ్మ నన్ను ముట్టుకోలేదు. అంతకు ముందు వరకు ఆమె పక్కలో, ఆమె చెయ్యి తల కింద పెట్టుకుని పడుకున్నదాన్ని. ఇప్పుడు ఆమె మంచం వసారాలోకి మారింది. ఆమె కంచం, గ్లాసు వేరుగా ఒక గూట్లోకి పోయాయి. నేను గడప దాటి అటు పోబోతే అవ్వ రెక్క పట్టుకుని లాగేది. అమ్మ గోడవైపు తిరిగి పడుకునేది. నాకు కోపం వచ్చిందనుకునేది అవ్వ. కోపం కాదు. ఏదో తప్పు చేసిన పిల్లను దూరం పెట్టినట్టుగా అనిపించేది.

బయలుదేరే రోజు తెల్లవారుతూనే బండి వచ్చింది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని బండిలో కూర్చుంది. నేను అవ్వ చేతిలో నుంచి జారి పరుగెత్తబోతే, అమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆడే ఉండమ్మే. అవ్వ మాట విను. తడి తలతో తిరగబాక" అంది.

ఇంకేమీ అనలేదు. బండి సరుగుడు చెట్ల సర్వి తోపు మలుపు తిరిగేవరకు ఆ చెయ్యి అలాగే ఉంది. రమ్మన్నట్టా, వద్దన్నట్టా అన్నది నాకు చాలాకాలం తెలియలేదు.

ఆ తరువాత నా లోపల ఒకటి మొదలైంది. దానికి అప్పట్లో నాకు పేరు తెలియదు. ఆవు పడుకుని నెమరు వేస్తుందే, అట్లా. మేసింది ఒక్కసారే, నమలడం మాత్రం రోజంతా. అమ్మ నెత్తురు కక్కిన గుడ్డ, ఆ చెయ్యి, డాక్టరమ్మ మాటలు. ఎక్కం చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. అన్నం ముందు కూర్చుంటే ముద్ద చేతిలోనే ఆరిపోయేది. వీధిలో ఎవరు దగ్గినా ఉలిక్కిపడేదాన్ని. నా గొంతులో చిన్న గరగర వచ్చినా పెరట్లోకి పోయి ఉమ్మి చూసుకునేదాన్ని. అవ్వ నన్ను చూసి నిట్టూర్చేది. చితి చచ్చినవాళ్ళను కాలిస్తే చింత బతికున్నవాళ్ళను కాలుస్తుందని సామెత చెప్పేది. ఆ సామెత విన్నాక కాలడం కూడా నా చింతల్లో చేరిపోయింది.

నాయన ప్రార్థన చేసుకోమన్నాడు. చేసుకునేదాన్ని. ఆమేన్ అనగానే అది మళ్ళీ వచ్చి కూర్చునేది, నేను ఎప్పుడు ముగిస్తానా అని గుమ్మంలో కాచుకుని ఉన్నట్టు.

అసలు చిక్కు వేరే చోట పడింది. ఆ వేసవిలో ఒక ఆదివారం నాయన పిట్టల వాక్యం చెప్పాడు. విత్తనం వెయ్యని, కోత కొయ్యని పిట్టలను పోషించే దేవుడు మనల్ని మరిచిపోడని, అందుకే చింతపడడమంటే దేవుణ్ణి నమ్మకపోవడమేనని చెప్పాడు. జనం తలలు ఊపారు. ముందు వరుసలో చాప మీద కూర్చుని నేను విన్నాను. నేను రోజంతా చింతపడుతున్నాను. అంటే నేను నమ్మడం లేదు. నమ్మని పిల్ల ప్రార్థన దేవుడెందుకు వింటాడు? నా భయం వల్లే అమ్మకు నయం కాకుండా పోతుందేమో. అప్పటినుంచి భయపడుతున్నందుకు కూడా భయపడడం మొదలుపెట్టాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నా అపనమ్మకం బయటపడుతుందని.

నాయన మాత్రం నిబ్బరంగా కనిపించేవాడు. అమ్మ తరగతిని తనే చూసుకునేవాడు. జబ్బు మనిషి ఇల్లని కొందరు మా గడప తొక్కడం మానేసినా, వాళ్ళ ఇళ్ళకు తను పోయి పలకరించి వచ్చేవాడు. అవ్వకు చూపు ఆనక నా తల చిక్కులు తియ్యలేకపోతే ఆ పని కూడా తన మీద వేసుకున్నాడు. జడ వెయ్యడం ఆయనకు రాదు. మూడు పాయలు మొదట్లో బిగుతుగా ఉండి, చివరికి వచ్చేసరికి వదులైపోయేవి. బడికి పోయేలోగా ఊడిపోయేది. అమ్మ జడ వేస్తుంటే ఆమె వేళ్ళు చెవి వెనక తగిలేవి. నాయన వేళ్ళు ఎక్కడా తగలకుండా జాగ్రత్తగా, వల అల్లుతున్నట్టు అల్లేవాడు. నేను కళ్ళు మూసుకుని అమ్మ వేళ్ళను తెచ్చుకోవాలని చూసేదాన్ని. వచ్చేవి కావు.

అమ్మ దగ్గర నుంచి వారం వారం ఉత్తరం వచ్చేది. అక్కడ చలి అని, గుడ్డు, పాలు ఇస్తున్నారని, సూదులు వేస్తున్నారని రాసేది. కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. కాలవ కట్ట దాటి పొంగింది. కోట దారి నీళ్ళలో మునిగిపోయింది. ఒకటి రెండు వారాలు టపా మనిషి రాలేకపోయాడు. నీళ్ళు కొంచెం తీసి అతను మోకాటి లోతున నడుచుకుంటూ వచ్చిన రోజు సంచిలో మాకేమీ లేదు. తరువాతి వారమూ లేదు. నాయన పడవ వాళ్ళను, చేపలు అమ్మబోయినవాళ్ళను, కోట నుంచి వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగేవాడు. ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని, ఎసట్లో బియ్యం పోయడం మరిచిపోయి, నీళ్ళు మరిగిపోతుంటే చూస్తూ ఉండేది.

అట్లాంటి ఒక ఆదివారం నాయన వాక్యం చదవడానికి లేచాడు. ఆ రోజు చదవాల్సిన వరుసలో మళ్ళీ ఆ పిట్టలూ పూలూ ఉన్న భాగమే వచ్చింది. చదివాడు. పుస్తకం మూశాడు. బయట వాన కురుస్తోంది. ఆయన మొదలుపెడతాడని అందరూ చూస్తున్నారు.

"ఇది మీకు ఇంతకు ముందు చెప్పినా" అన్నాడు చివరికి. "ఈరోజు చెప్పే నోరు నాకు రావడంలా. నా ఇంటిది బతికుండాదో లేదో నాకు తెల్దు. నాకు శానా భయంగా ఉండాది. మీరే నాకోసరం ప్రార్థన చెయ్యండి."

అని, పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద కూలబడ్డాడు. పెద్ద మనిషి ఆ బల్ల మీద కూర్చుంటే మోకాళ్ళు ఛాతీదాకా వచ్చాయి. ఉపదేశి అట్లా అనడం మా ఊళ్ళో ఎవరూ వినలేదు. తరువాత వల లాగే ముసలాయన ఒకడు వచ్చి నాయన పక్కన నేల మీద మోకరించాడు. ఒక్కొక్కరే లేచి వచ్చి చుట్టూ కూర్చున్నారు. మా గడప తొక్కడం మానేసిన ఒకామె కూడా వచ్చి అవ్వ భుజం పట్టుకుంది. ఎవరి మాటల్లో వాళ్ళు అమ్మ కోసం అడిగారు. పాట లేదు, ప్రసంగం లేదు. నాయన తల వంచుకుని ఏడ్చాడు.

నేను మాత్రం అక్కడ ఉండలేకపోయాను. నేను ఇన్నాళ్ళు దాచింది నాయన అందరి ముందూ చెప్పేశాడు. మా ఇంట్లో నమ్మకం లేదని ఇక దేవుడికి తెలిసిపోయింది. ఇక అమ్మ రాదు. వాన వెలిశాక కాలవ కట్ట మీదికి పోయి కూర్చున్నాను. ఎర్రటి నీళ్ళు గుర్రపుడెక్క తీగలను ఈడ్చుకుపోతున్నాయి. కొంతసేపటికి నాయన వెతుక్కుంటూ వచ్చాడు. బురద కట్ట మీద తెల్ల పంచెతోనే కూర్చున్నాడు. ఎందుకొచ్చావని అడగలేదు. నేనే అడిగాను.

"నువ్వట్టా అన్నందుకు దేవుడికి కోపం వస్తే, నాయనా?"

"ఎందుకొస్తాది?"

"భయపడితే నమ్మకం లేనట్టే గదా. నమ్మకం లేకపోతే అమ్మను బాగు చెయ్యడు గదా."

నాయన నా మొహంలోకి చూశాడు. "ఎప్పట్నించి ఇది మనసులో పెట్టుకోనుండావు?"

"నువ్వు ఎండాకాలంలో పిట్టల వాక్యం చెప్పినప్పట్నించి."

ఆయన మెల్లగా అన్నాడు. "నేను తప్పుగా చెప్పినానమ్మే. నాకప్పుడు తెల్దు. సిలువ వేసే ముందు రేత్రి తోటలో ప్రభువు మోకాళ్ళ మీద పడి ఏమడిగినాడు? ఈ బాధల గిన్నె నాకొద్దు, తీసెయ్యమన్నాడు. ఆయన చెమట నెత్తురు మాదిరి కారింది. ఆయనకి భయం వెయ్యలేదా? దానికి తండ్రికి కోపం వచ్చిందా?"

రాలేదన్నాను.

"నువ్వు చీకట్లో జడుసుకుంటే, భయపడబాక, నేనుండా అంటాను. అది నిన్ను తిట్టడానికా? దేవుడు చింతపడొద్దన్నదీ అట్టాంటి మాటే. కొట్టే మాట కాదు. పట్టుకునే మాట."

నేను అప్పుడు ఏడ్చాను. అమ్మ పోయినప్పటి నుంచి అంత ఏడుపు రాలేదు. నాయన ఊరుకోమనలేదు.

ఇంటికి నడుస్తూ ఆయన ఒక మాట చెప్పాడు. పొద్దస్తమానం దాన్నే తలుచుకుంటూ ఉంటే మనిషికి పనీ సాగదు, ప్రార్థనా సాగదు. కాబట్టి దీపం పెట్టాక ఇద్దరం అరుగు మీద కూర్చుని మనసులో ఉన్నదున్నట్టు దేవుడికి చెప్పేద్దాం, ఏదీ దాచవద్దు. చెప్పాక లేచిపోదాం. మధ్యలో ఆ చింత వస్తే తరమవద్దు, వాదం పెట్టుకోవద్దు. దీపాల వేళకు రమ్మని చెప్పి చేతిలో పని చూసుకోవాలి.

అది మంత్రంలాగా పనిచేసిందని చెప్పను. మొదట్లో రమ్మన్న వేళ దాకా అది ఆగేది కాదు. కానీ దానికి ఒక వేళ ఉంది, వినేవాళ్ళున్నారు అన్నది కొంచెం కొంచెంగా నా ఒంటికి పట్టింది. అరుగు మీద నాయన ప్రార్థన కొన్నిరోజులు ఒక్క ముక్కతో అయిపోయేది. "ప్రభువా, ఈరోజూ కబురు లేదు" అనేవాడు, అంతే. ఒకరోజు నేను, అమ్మ ముఖం నాకు సరిగ్గా గుర్తుకు రావడం లేదని దేవుడికి చెప్పాను. నాయన చెయ్యి నా తల మీద పడింది. అవ్వ ప్రార్థన గట్టిగా చెప్పేది కాదు. గడపలో కూర్చుని వింటూ ఉండి, మేము ముగించాక ఆమేన్ మాత్రం అనేది.

క్రిస్మస్ దగ్గరపడుతుండగా ఒక కార్డు వచ్చింది. అమ్మ చేతిరాత కాదు, నర్సు రాసింది. అమ్మకు ఆపరేషను జరిగిందని, జబ్బు పట్టిన ఊపిరితిత్తిని అణిచెయ్యడానికి ఎడమవైపు పక్కటెముకలు తీశారని, లేచి కూర్చోలేక ఇన్నాళ్ళు ఉత్తరం రాయలేకపోయిందని ఉంది. నాయన దాన్ని చదివి, మళ్ళీ చదివి, అవ్వకు చదివి వినిపించి, బయటికి పోయి సర్వి తోపులో ఒక్కడే తిరిగి వచ్చాడు.

పండగ వెళ్ళాక నన్ను తీసుకుని బయలుదేరాడు. కోట దాకా బండి, గూడూరు దాకా బస్సు, అక్కడి నుంచి రైలు, మళ్ళీ బస్సు. నేను రైలెక్కడం అదే మొదలు. కానీ కిటికీ బయట ఏం చూశానో గుర్తు లేదు. ఆసుపత్రి కొండ వాలులో ఉంది. పొడుగాటి వసారాలు, ఇనప మంచాలు, గాలి ఆడడానికి వదిలేసిన తలుపులు. పిల్లలను వసారా మెట్ల దగ్గరికి కూడా రానివ్వరు. ఆవరణలో ఒక వేపచెట్టు కింద నన్ను నిలబెట్టారు. నర్సు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి వసారా అంచుకు తెచ్చింది.

అమ్మ చిన్నదైపోయింది. ఎడమ భుజం కిందికి జారిపోయి ఉంది. కళ్ళు మాత్రం అవే. నేను ఆమెకు చెప్పాలని దాచుకున్న మాటలన్నీ మరిచిపోయాను.

"జడ ఎవరేసినారమ్మే?" అంది.

"నాయన."

అమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే పక్కన నొప్పి పుట్టి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నొప్పిలోనే నవ్వుతూ ఉంది. నాయన తల దించుకుని ఇసక మీద కాలితో గీతలు గీస్తున్నాడు. కాలవ నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడిగింది. కోడి పిల్లల్ని లేపిందా అని అడిగింది. ఈ కొండల్లో గాలి మంచిదేగాని ఉప్పు వాసన లేదని, ముక్కు ఎండిపోయినట్టుందని చెప్పింది. పోయే వేళకు ఆమె చెయ్యెత్తింది. ఈసారి అది వద్దన్నది కాదని నాకు తెలిసింది.

తిరుగు రైల్లో ఏడుస్తూనే వచ్చాను. కానీ అది వేరే ఏడుపు. అంతకు ముందు అమ్మ ఎక్కడుందో, ఎట్లా ఉందో తెలియక నా మనసు రోజుకొక చావు చంపేది ఆమెను. ఇప్పుడామె ఒక వసారాలో, ఒక కుర్చీలో, ఒక చెట్టు నీడకు ఎదురుగా ఉంది. ఇప్పుడు నాకున్నది చింత కాదు, బెంగ. చింత మనిషిని తింటుంది. బెంగలో ఆ మనిషి మన దగ్గరే ఉంటుంది. ఆ తేడా అప్పుడు మాటల్లో తెలియదు. పక్కనున్న నాయన ఇచ్చిన ఇడ్లీ పొట్లం విప్పి తినగలిగాను, అంతవరకు తెలుసు.

అమ్మ ఇంకొక ఏడాది అక్కడే ఉండి, అరవైల మొదట్లో ఒక ఎండాకాలం ఇంటికి వచ్చింది. జబ్బు ఇంకొకరికి అంటుకునే భయం లేదని డాక్టర్లు కాగితం కూడా ఇచ్చారు. అయినా దూరంగా ఉండడం ఆమెకు అలవాటైపోయింది. తన కంచం తనదే. నేను పక్కన కూర్చోబోతే కొంచెం జరిగేది. నేను ఎంత ఆశపడుతున్నానో ఆమెకు తెలుసు. ఆమె ఎంత భయపడుతోందో నాకు తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

వచ్చిన కొన్ని రోజులకు సముద్రం చూస్తానంది. పొద్దున్నే నాయన, నేను, ఆమె తోపు దాటి నడిచాం. వేటకు పోయిన తెప్పలు ఇంకా తిరిగి రాలేదు. అమ్మ గాలికి ఎదురుగా నిలబడి, దాహం వేసినవాళ్ళు నీళ్ళు తాగినట్టు గాలి పీల్చింది. చీర కుచ్చెళ్ళు ఎత్తి నీళ్ళలో దిగింది. ఒక అల వచ్చి కాళ్ళ కింద ఇసకను లాగింది. ఒక పక్క భుజం జారిన మనిషి కదా, ఒరిగిపోయి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. పడకుండా ఉండడానికి పట్టుకుంది, ముద్దుకు కాదు. నిలదొక్కుకున్నాక వదిలేస్తుందనుకున్నాను. వదల్లేదు. ఇంకా రెండు మూడు అలలు వచ్చి పోయేదాకా, నా చెయ్యి నొప్పి పుట్టేదాకా పట్టుకునే ఉంది. నాయన వెనక్కు తిరిగి తోపువైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె మళ్ళీ బడిలో చేరింది. నేను పెద్దదాన్నై నెల్లూరులో టీచరు ట్రైనింగుకు పోవాల్సి వచ్చింది. పోయే ముందు ఒక మధ్యాహ్నం ఇద్దరం పెరట్లో కూర్చుని రొయ్యలు వలుస్తున్నాం. హాస్టల్లో ఉండాలంటే నాకు గుబులుగా ఉంది. కొండల ఊళ్ళో నువ్వెట్లా ఉన్నావమ్మా అని అడిగాను. అంతవరకు ఎప్పుడూ అడగలేదు.

"మొదట్లో రేయింబగలు ఒకటే అడిగేదాన్ని" అంది. "నన్ను బాగు చెయ్యి, నా బిడ్డకాడికి పంపించు అని. అడిగే కొద్దీ గుండె దడ ఎక్కువయ్యేది. ఒకరోజు పక్క మంచం మీద పిల్ల పోయింది. ఆ పిల్లా అదే అడిగుంటాది గదా. ఆనాటి నించి అంత పెద్దది అడగలేకపోయినా. ఈ పూట నా బిడ్డకి ఎవురో ఒకరు అన్నం పెట్టేటట్టు చూడు ప్రభువా అని అడిగేదాన్ని. కండ్లు మూసుకుంటే మీ అవ్వ నీకు ముద్ద పెడతా కనపడేది. అప్పుడు నాకూ ముద్ద దిగేది. మళ్ళీ పూటకి మళ్ళీ అడిగేదాన్ని."

రొయ్య పొట్టు చేటలోకి వేస్తూ, చాలా మామూలుగా చెప్పింది. ఆమె ఆ మాట అంటున్నప్పుడు నేను తినకుండా వదిలేసిన అన్నాలన్నీ గుర్తుకొచ్చాయి. ఆమెకు చెప్పలేదు.

అరవైలు ముగిసేలోగా, నేను బుచ్చిరెడ్డిపాలెంలో ఉద్యోగంలో చేరిన ఏడు ఆమె పోయింది. మిగిలిన ఊపిరితిత్తి అలిసిపోయిందన్నారు. నేను పోయేసరికి ప్రాణం ఉంది, మాట లేదు. నాయన ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ రోజు ఆయన నిబ్బరంగానూ లేడు, భయంగానూ లేడు. అలిసిపోయిన మనిషిలాగా ఉన్నాడు.

ఇప్పుడు నేను ఆమె వయసు దాటి ముసలిదాన్నయ్యాను. నాకూ పిల్లలున్నారు, వాళ్ళ గురించిన గుబుళ్ళున్నాయి. ఆ గుబుళ్ళు ముసిరినప్పుడు పెద్దవి అడగడం మానేసి, ఈ పూటకు కావలసింది మాత్రం అడుగుతాను. అడిగి తింటాను. తిన్నాక కాసేపు అట్లాగే కూర్చుని, పెరట్లో ఆమె చెప్పిన మాటలను ఆమె గొంతులో వినాలని చూస్తాను. ఒక్క మాట కూడా పోలేదు, అన్నీ ఉన్నాయి. గొంతు మాత్రం ఎంత పిలిచినా రాదు.